పాత డిజిటల్ పియానో కొనేముందు మెట్టు మెట్టునూ నొక్కి చూడండి

డిజిటల్ పియానో ధ్వని చిప్పులో భద్రంగా ఉంటుంది. పదేళ్ల తర్వాత కూడా కొత్తలో ఎలా మోగిందో అలాగే మోగుతుంది. అరిగేవన్నీ మనిషి చెయ్యీ కాలూ తగిలే చోట్లే ఉంటాయి: మెట్లు (అంటే వేళ్లతో నొక్కే తెల్ల, నల్ల కీలు), వాటి కింది రబ్బరు, పెడల్, వాల్యూమ్ మీట, హెడ్‌ఫోన్ సాకెట్. అందుకే అమ్మేవాళ్లు డెమో బటన్ నొక్కి "వినండి, ఎంత బాగా మోగుతోందో" అంటే దాన్ని పరీక్షగా లెక్కపెట్టకండి. డెమో పాటకు మెట్లతో పని లేదు. సగం మెట్లు చచ్చిపోయిన పియానోలో కూడా డెమో చక్కగానే వినిపిస్తుంది.

చూడ్డానికి వెళ్లినప్పుడు కనీసం ముప్పావు గంట పెట్టుకోండి. అందులో అరగంట మెట్లకే పోవాలి. మిగతావన్నీ పావుగంటలో తేలిపోతాయి. పైగా అంతసేపు ఆన్‌లో ఉంటే వేడెక్కాక బయటపడే లోపాలు కూడా మీ ఎదుటే బయటపడతాయి. పాత పవర్ సప్లై ఉన్న వాటిలో ఇది తరచూ జరిగేదే: మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుంది, తర్వాత స్పీకర్లలో గుయ్‌మనే హమ్మింగ్ మొదలవుతుంది, లేదా పియానో దానంతటదే ఆగిపోయి మళ్లీ ఆన్ అవుతుంది. అయితే కొన్ని మోడళ్లు కాసేపు ఎవరూ వాయించకపోతే ఆటోమేటిగ్గా ఆఫ్ అవుతాయి. అది లోపం కాదు, ఆ సెట్టింగ్‌ను తీసెయ్యొచ్చు.

మోడల్ పేరు తెలుసుకున్నాకే బయల్దేరండి

ప్రకటనలో "పియానో" అని రాసిందల్లా పియానో కాదు. పూర్తి పియానోకు 88 మెట్లు ఉంటాయి, తెల్లవి 52, నల్లవి 36. కానీ 88 ఉన్నంత మాత్రాన సరిపోదు. మెట్టు వెనక బరువైన చిన్న సుత్తి ఉండాలి, మనం నొక్కినప్పుడు అది పైకి లేవాలి. దీన్నే హ్యామర్ యాక్షన్ అంటారు. ఇది ఉన్న వాటిలో చాలావరకు ఎడమ వైపు మెట్లు కాస్త బరువుగా, కుడి వైపుకు పోయేకొద్దీ తేలిగ్గా ఉంటాయి. అలెసిస్ రిసైటల్‌కు 88 మెట్లున్నా అవి సెమీ వెయిటెడ్, అంటే సుత్తి లేకుండా స్ప్రింగుతో కొంచెం బరువిచ్చినవి. రోలాండ్ గో పియానో 88 కూడా హ్యామర్ రకం కాదు. యమహా ఎన్‌పీ-32కు ఉన్నవి 76 మెట్లే, అవీ తేలికపాటివే. ఎం-ఆడియో కీస్టేషన్ 88 అయితే అసలు పియానోనే కాదు, కంప్యూటర్‌కు తగిలిస్తే తప్ప మోగని మిడి కంట్రోలర్ (మిడి అంటే ఏ మెట్టు ఎంత బలంగా నొక్కామో కంప్యూటర్‌కో ఫోన్‌కో చెప్పే పద్ధతి). ఇవేవీ పనికిరానివని కాదు. పియానో నేర్చుకోవాలని కొనేవాళ్లకు మాత్రం ఆరు నెలల్లోనే మళ్లీ ఇంకోటి వెతుక్కునే పని పడుతుంది.

సిరీస్ పేరు ఒక్కటే చెబితే ఏమీ తేలదు. యమహా క్లావినోవా 1983లో మొదలైంది, క్యాసియో ప్రివియా 2003లో. "క్లావినోవా ఉంది, తీసుకుంటారా" అంటే అది మూడేళ్ల నాటిదైనా కావచ్చు, ముప్పై ఏళ్ల నాటిదైనా కావచ్చు. కచ్చితమైన మోడల్ నంబరు, వీలైతే సీరియల్ నంబరు పియానో అడుగున లేదా వెనక స్టిక్కర్ మీద ఉంటాయి. ఆ స్టిక్కర్ ఫొటో పంపమనండి. దొంగ సరుకు అమ్మేవాళ్లు సాధారణంగా ఇక్కడే తప్పుకుంటారు. చించేసిన స్టిక్కర్ ఉన్న పియానోను ఎంత చవకగా ఇచ్చినా వదిలెయ్యండి.

పాత మార్కెట్లో తరచుగా కనిపించే స్టాండు లేని మోడళ్లలో కొన్నింటి వివరాలు దగ్గర పెట్టుకుంటే మంచిది. యమహా పీ-45 (2015) పాలిఫనీ 64, అంటే ఒకేసారి 64 స్వరాల వరకు మోయగలదు. దానికి విడిగా లైన్ అవుట్ (బయటి స్పీకర్లకు ధ్వని పంపే) సాకెట్ లేదు, స్టేజి మీద వాడాలంటే హెడ్‌ఫోన్ సాకెట్ నుంచే తీసుకోవాలి. పీ-125 (2018) పాలిఫనీ 192, లైన్ అవుట్ ఉంది. క్యాసియో పీఎక్స్-160 (2015), రోలాండ్ ఎఫ్‌పీ-30 (2016) రెండింటికీ 128. కవాయ్ ఈఎస్110 (2017)కి 192 ఉంది గానీ యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపే సాకెట్ లేదు, పాతకాలపు గుండ్రటి 5 పిన్నుల మిడి సాకెట్లూ బ్లూటూతూ ఉంటాయి. నేర్చుకునేవాళ్లకు 64 సరిపోతుంది. పెడల్ తొక్కి ఉంచి ఎక్కువసేపు సాగే శాస్త్రీయ రచనలు వాయించేవాళ్లకు 128 ఉంటే నిశ్చింత. అంతకంటే ఎక్కువ అంకె కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ఆ డబ్బు మంచి మెట్ల మీద పెట్టండి.

ఫోన్లోనే అడిగేయాల్సినవి

ఎప్పుడు కొన్నారు, బిల్లు ఉందా, ఇంట్లో వాడారా లేక క్లాసులు నడిపేచోట వాడారా, చివరిసారి ఎప్పుడు వాయించారు, ఎక్కడ పెట్టారు. రోజుకు ఆరేడు గంటలు పిల్లలు మార్చి మార్చి వాయించిన మూడేళ్ల పియానో కంటే, ఒక్కరే వాయించిన ఎనిమిదేళ్ల పియానో మెట్లు బాగుండొచ్చు. మరో వైపు, ఐదేళ్లు గుడ్డ కూడా కప్పకుండా మూల పడేసినదానికి దుమ్ము జబ్బు తప్పదు. అడాప్టర్, పెడల్, నోట్స్ పెట్టుకునే స్టాండు, స్టూలు, స్క్రూలు అన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా పేరు పెట్టి అడగండి. "అన్నీ ఉన్నాయి" అనే మాటతో సరిపెట్టుకోవద్దు.

ఆ తర్వాత ఎడమ కొస నుంచి కుడి కొస వరకు ప్రతి మెట్టూ ఒకటొకటిగా నొక్కుతూ ఒక వీడియో తీసి పంపమనండి. రెండు నిమిషాల పని. దీనికి ఒప్పుకోనివాళ్ల దగ్గరికి దూరాభారం పోకపోవడమే మేలు.

వెంట తీసుకెళ్లాల్సినవి: వైరున్న హెడ్‌ఫోన్, దానికి 6.3 మిల్లీమీటర్ల లావు పిన్ను మార్చుకునే కన్వర్టర్, చిన్న టార్చి, పెన్నూ కాగితమూ, ప్రింటర్‌కు వాడే రకం యూఎస్‌బీ కేబుల్, దాన్ని మీ ఫోన్‌కు తగిలించే ఓటీజీ. ఫోన్లో ఏదైనా మిడి మానిటర్ యాప్ ముందే వేసుకోండి. కొనేసి తెచ్చుకునే ఆలోచన ఉంటే కొలిచే టేపూ, అంటించే టేపూ కూడా.

స్విచ్ వెయ్యకముందు

తల వంచి, కళ్లు మెట్ల అంచుకు సమానంగా పెట్టి, ఒక కొస నుంచి చూడండి. తెల్ల మెట్లన్నీ ఒకే గీతలా కనబడాలి. ఏదైనా కొంచెం పైకి లేచి ఉంటే దాని కింది ఫెల్ట్ (మెత్తటి ఉన్ని పట్టీ) జారిపోయిందో, మెట్టు ఇరుసు దగ్గర చీలిందో అనుకోవచ్చు. కిందికి దిగి ఉంటే సుత్తి విరిగి ఉండొచ్చు. మెట్ల మధ్య సందులు సమానంగా ఉన్నాయో లేదో కూడా అక్కడి నుంచే తెలుస్తుంది. తర్వాత ఒక్కో మెట్టును రెండు వేళ్లతో పక్కలకు కదిపి చూడండి. కొంచెం ఆడడం సహజం. పక్క మెట్లకంటే ఎక్కువగా ఆడేదాన్ని కాగితం మీద రాసుకోండి.

వాడకం ఎంతో చెప్పే గుర్తు ఇంకోటి ఉంది. ఇప్పటి పియానోల్లో చాలా వాటికి మెట్ల పైభాగం గరుగ్గా, కాంతి లేకుండా ఉంటుంది. టార్చిని పక్కవాటుగా వేసి, నడిమి రెండు ఆక్టేవులను (ఒక్కో ఆక్టేవు అంటే నల్లవీ తెల్లవీ కలిపి పన్నెండు మెట్లు) కుడి కొసన ఉన్న ఆక్టేవుతో పోల్చండి. కుడి కొస మెట్లు ఎవరూ పెద్దగా ముట్టుకోరు కాబట్టి అవి దాదాపు కొత్తలోలాగే ఉంటాయి. నడిమివి నున్నగా, అద్దంలా మెరుస్తుంటే "ఎప్పుడో ఒకసారి వాయించేవాళ్లం" అన్న మాట నిజం కాదు.

అడుగుభాగం కూడా చూడండి. స్క్రూల తుప్పు, ఎండిన మరకలు, మెట్ల సందుల్లో జిగురు, ఏదైనా వాసన. కాఫీయో కూల్‌డ్రింకో ఒలికిన పియానో ఆ రోజుకు మోగుతూనే ఉంటుంది. లోపల చక్కెర పాకం మెట్ల కింది సర్క్యూట్ బోర్డును నెమ్మదిగా తినేస్తూ ఉంటుంది. ద్రవం ఒలికిన గుర్తులు కనబడితే అక్కడితో ఆపేయండి. ఇందులో బేరానికి తావు లేదు.

ఆన్ చేశాక మొదటి పని: సెట్టింగులు

దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. డిజిటల్ పియానోల్లో టచ్ సెన్సిటివిటీ అనే సెట్టింగ్ ఉంటుంది. మెట్టును ఎంత గట్టిగా కొడితే ఎంత పెద్దగా మోగాలో అది నిర్ణయిస్తుంది. ఉదాహరణకు పీ-45లో హార్డ్, మీడియం, సాఫ్ట్, ఫిక్స్‌డ్ అని నాలుగుంటాయి. ఫిక్స్‌డ్‌లో పెడితే మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినా ఒకే శబ్దం వస్తుంది. అంటే, పాడైన మెట్టు కూడా పక్కవాటితో సమానంగా మోగి, ఉన్న లోపమంతా దాగిపోతుంది. తెలిసి పెట్టినా తెలియక పెట్టినా ఫలితం ఒకటే. అందుకే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి. ఎలాగో ఆ మోడల్ మాన్యువల్లో ఉంటుంది, కంపెనీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ముందు రోజే దించుకోండి. రీసెట్‌తో ట్రాన్స్‌పోజ్ (అన్ని స్వరాలనూ పైకో కిందికో జరిపే సెట్టింగ్), ట్యూనింగ్ కూడా మామూలు స్థితికి వస్తాయి. శ్రుతి తప్పినట్టు వినబడే పియానోకు చాలాసార్లు ఎవరో మార్చి వదిలేసిన ట్రాన్స్‌పోజే కారణం.

పూర్తిగా మూగబోయిన పియానోను "రిపేరు ఉంది" అని చవకగా పెడుతుంటారు. అందులో కొన్నింటికి రిపేరే అక్కర్లేదు. హెడ్‌ఫోన్ సాకెట్లో కన్వర్టర్ పిన్ను అలాగే ఉండిపోయినా, పిన్ను కొస విరిగి లోపల ఇరుక్కున్నా, స్పీకర్లు మోగవు. లోకల్ కంట్రోల్ అనే సెట్టింగ్ ఆఫ్‌లో ఉన్నా మెట్లు నొక్కితే శబ్దం రాదు, డెమో మాత్రం మోగుతుంది. ఈ రెండూ చూసుకున్నాకే అది నిజంగా పాడైందో లేదో చెప్పగలం.

మెట్ల పరీక్ష

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ పరీక్ష ఎందుకు చేయాలో అర్థమవుతుంది. మెట్టు కింద మెత్తటి రబ్బరు పట్టీ ఉంటుంది. అందులో ప్రతి మెట్టుకూ రెండు చిన్న బుడిపెలు, ఒక్కో బుడిపె లోపలి పైకప్పున నల్లటి కార్బన్ బిళ్ల. బుడిపెలు రెండూ ఒకే సమయంలో అణగవు. మెట్టు దిగుతున్నప్పుడు ముందు ఒక బిళ్ల బోర్డును తాకుతుంది, కొన్ని మిల్లీసెకన్ల తర్వాత రెండోది. ఈ రెంటి మధ్య పట్టిన సమయాన్ని పియానో లెక్కపెడుతుంది. సమయం తక్కువైతే మీరు గట్టిగా కొట్టారని, ఎక్కువైతే మెల్లగా నొక్కారని దాని లెక్క. కొన్నింటిలో మూడో సెన్సర్ కూడా ఉంటుంది, మెట్టు పూర్తిగా పైకి రాకముందే మళ్లీ కొడితే పట్టుకోవడానికి.

ఇప్పుడు మొదటి బిళ్ల మీద దుమ్ము చేరిందనుకోండి. అది ఆలస్యంగా తాకుతుంది, రెండోది వెంటనే తాకుతుంది, మధ్య సమయం దాదాపు సున్నా. మీరు ఎంత మెల్లగా నొక్కినా పియానో "చాలా గట్టిగా కొట్టారు" అనుకుని ఆ స్వరాన్ని ఒక్కసారిగా అరిపిస్తుంది. రెండో బిళ్ల సరిగా తాకకపోతే స్వరం అసలు రాదు, లేదా రెండుసార్లు నొక్కితే ఒకసారి వస్తుంది. పాత డిజిటల్ పియానోల్లో అన్నిటికంటే ఎక్కువగా కనబడే జబ్బు ఇదే.

దీన్ని పట్టుకోవాలంటే గట్టిగా వాయించకూడదు. గట్టిగా కొట్టినప్పుడు అన్ని మెట్లూ మోగుతాయి. వాల్యూమ్ సగానికి పెట్టి, ఎడమ కొస నుంచి నల్లవీ తెల్లవీ వరసగా, ఒక్క వేలితో, వీలైనంత మెత్తగా, 88 మెట్లూ నొక్కుతూ వెళ్లండి. పసిబిడ్డ నిద్రపోతున్న గదిలో వాయిస్తున్నట్టు. ఎక్కడైనా ఒక్క స్వరం ఉలిక్కిపడేలా వస్తే ఆ మెట్టును రాసుకోండి. మళ్లీ అదే మెట్టును ఐదారుసార్లు నొక్కి చూడండి. దుమ్ము వల్ల అయితే ఒకసారి బాగా, ఒకసారి అరుపుగా వస్తుంది. రెండో విడత మామూలు బలంతో, మూడో విడత గట్టిగా. మూడు విడతలకూ కలిపి పదిహేను నిమిషాలు పడుతుంది. తర్వాత అనుమానం ఉన్న మెట్ల మీద ఇంకో పరీక్ష: మెట్టును నాలుగైదు సెకన్లు తీసుకుని నెమ్మదిగా అడుగుదాకా దించండి. మంచి మెట్టు అయితే శబ్దమే రాదు, లేదా వినీ వినబడనంత వస్తుంది. జబ్బుపడ్డ మెట్టు ఇక్కడ గట్టిగా మోగి దొరికిపోతుంది.

ఫోన్లో మిడి మానిటర్ ఉంటే పని ఇంకా తేలిక. ప్రతి నొక్కుకూ వెలాసిటీ అనే అంకె కనబడుతుంది, 1 నుంచి 127 వరకు. ఒకే బలంతో వరసగా నొక్కుతుంటే 42, 47, 39, 45 అలా ఉండి, ఒక మెట్టు దగ్గర ఉన్నట్టుండి 127 వస్తే ఇక చెవితో పని లేదు. ఆ తెర ఫొటో తీసి పెట్టుకోండి, బేరంలో అక్కరకొస్తుంది.

చెడిన మెట్లు ఏ వరసలో ఉన్నాయో గమనించండి. అక్కడొకటి ఇక్కడొకటి అయితే రబ్బరు, దుమ్ము. ఇది నయమయ్యే జబ్బే. విప్పి, రబ్బరు పట్టీని, బోర్డు మీది కార్బన్ గీతలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో మృదువుగా తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. గట్టిగా రుద్దితే కార్బన్ ఊడిపోతుంది, అప్పుడు పట్టీ మార్చాల్సిందే. పట్టీలు పన్నెండో పదమూడో మెట్లకు ఒక ముక్క చొప్పున వస్తాయి. అలాకాక ప్రతి ఎనిమిదో మెట్టూ చచ్చిపోయి ఉంటేనో, వరసగా ఎనిమిది మెట్లు ఒకేచోట మూగబోతేనో, అది రబ్బరు పని కాదు. చాలా పియానోలు మెట్లను ఎనిమిదేసి గుంపులుగా స్కాన్ చేస్తాయి, కాబట్టి ఒక లైను తెగితే లోపం ఆ క్రమంలోనే కనబడుతుంది. రిబ్బన్ కేబుల్ వదులైతే అదృష్టం, బోర్డు పోతే కాదు. విప్పి చూడందే తేలదు కనుక మీకు చేతనైతే తప్ప దాని జోలికి పోవద్దు. వేలు తీసినా స్వరం ఆగకుండా మోగుతుంటే రబ్బరు చిరిగిందో, లోపల తడి చేరిందో అని అర్థం.

ఇక వాల్యూమ్ పూర్తిగా తగ్గించి మళ్లీ ఒకసారి అన్ని మెట్లూ వాయించండి. ఇప్పుడు మీరు వింటున్నది యంత్రం చప్పుడు. మెత్తగా "దబ్" అనే చప్పుడు అన్ని హ్యామర్ పియానోలకూ ఉంటుంది. ఏదో ఒక మెట్టు మాత్రం "టక్" అని గట్టి ప్లాస్టిక్ చప్పుడు చేస్తే దాని కింది ఫెల్ట్ నలిగిపోయింది. గలగలమంటే లోపల బరువు ఊడింది. నడిమి మెట్లన్నీ టకటకలాడుతూ కొసల్లోవి మెత్తగా ఉంటే ఫెల్ట్ పట్టీ మొత్తం మార్చే రోజు దగ్గరపడిందన్నమాట. పట్టీ ఖరీదు పెద్దది కాదు, ఖర్చంతా విప్పి బిగించే కూలీలోనే.

మెట్టు నొక్కి వదిలితే వెంటనే పైకి రావాలి. బద్ధకంగా లేచేదాన్ని పక్క మెట్టుతో కలిపి ఒకేసారి వదిలి పోల్చండి. ఒకే మెట్టును రెండు వేళ్లతో మార్చి మార్చి వేగంగా కొట్టి, ఏ దెబ్బా మిస్ కావట్లేదని కూడా చూసుకోండి.

ధ్వని, స్పీకర్లు

వాల్యూమ్ మీటను కొస నుంచి కొసకు జరపండి. కొంచెం గరగర వస్తే దుమ్ము, పట్టించుకోనక్కర్లేదు. ఒక వైపు స్పీకర్ మాయమై వస్తుంటే మీటో సాకెట్టో అరిగింది. వాల్యూమ్ మూడొంతులకు పెట్టి మంద్రస్వరాలు ఒక్కొక్కటిగా గట్టిగా కొట్టండి. బుర్రుమనే శబ్దం వస్తే స్పీకర్ చిరిగిందని అప్పుడే అనుకోకండి. స్టాండు వదులు స్క్రూ, పైన పెట్టిన పెన్ను, పక్కనున్న కిటికీ అద్దం కూడా అలాగే మోగుతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని అదే స్వరం వినండి. అందులో శుభ్రంగా ఉంటే లోపం స్పీకర్‌దో చుట్టూ ఉన్నవాటిదో.

పెడల్ తొక్కిపట్టి, ఎడమ కొసన ఒక స్వరం గట్టిగా కొట్టి, ఆగకుండా మిగతా మెట్ల మీద వేలు జార్చుకుంటూ కుడి కొసకు వెళ్లండి. మొదటి స్వరం మధ్యలో టక్కున తెగిపోతే పాలిఫనీ చాల్లేదు. పాత 32 పాలిఫనీ వాటిలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. స్టీరియో ధ్వనిలో ఒక్కో స్వరానికి రెండేసి ఖర్చవుతాయి కాబట్టి 32 అంటే ఒక్కోసారి పదహారే.

పెడల్

పెడల్ తొక్కినప్పుడు స్వరం ఆగిపోయి, వదిలినప్పుడు సాగుతుంటే అది పాడైనట్టు కాదు. పెడళ్ల స్విచ్‌లో రెండు రకాలున్నాయి, కంపెనీని బట్టి మారతాయి. చాలా పియానోలు ఆన్ చేసే క్షణంలో పెడల్ రకాన్ని గుర్తుపడతాయి. ఆ క్షణంలో పెడల్ మీద కాలు ఉంటే తలకిందులుగా గుర్తుపడతాయి. ఆఫ్ చేసి, కాలు తీసి, ఆన్ చెయ్యండి. అయినా మారకపోతే పెడల్ అడుగున చిన్న స్విచ్ ఉందేమో చూడండి. హాఫ్ పెడల్ ఉందని చెబితే, పెడల్‌ను సగం దాకా తొక్కి స్వరం కొంచెం త్వరగా తగ్గిపోతోందో లేదో వినండి. చిన్న చదరపు ప్లాస్టిక్ పెడల్ ఉంటే అది ఆన్, ఆఫ్ మాత్రమే, దానికి హాఫ్ రాదు.

మూడు పెడళ్ల చెక్క స్టాండు ఉన్నదాంట్లో ఒక మెలిక ఉంది. పెడల్ పెట్టె అడుగున, సరిగ్గా మధ్యలో, తిప్పే స్క్రూ కాలు ఒకటి ఉంటుంది. అది నేలకు ఆనేదాకా తిప్పి ఉండాలి. ఆననివ్వకుండా ఏళ్ల తరబడి తొక్కితే చెక్క వంగి, చివరకు చీలుతుంది. అక్కడ టార్చి వేసి పగుళ్లున్నాయేమో చూడండి.

సాకెట్లు, అడాప్టర్

హెడ్‌ఫోన్ పెట్టి పిన్నును కొద్దిగా తిప్పండి. ఒక చెవిలో పోయి వస్తుంటే సాకెట్ టంకం వదిలింది. పాత క్లావినోవాల్లో కొన్నింటికి వెనక హోస్ట్ సెలెక్ట్ అనే చిన్న స్విచ్ ఉంటుంది. అది మిడి దగ్గర లేకపోతే మిడి సాకెట్లు పనిచెయ్యవు, పాడయ్యాయని పొరబడకండి. ఫ్లాపీ డ్రైవ్ ఉన్న పియానో అయితే డ్రైవ్ పనిచేస్తుందా లేదా అన్నది పక్కనపెట్టి, అది లేకుండా మీకు కావాల్సినవన్నీ ఉన్నాయా అని మాత్రమే ఆలోచించండి.

అడాప్టర్ మీద రాసిన వోల్టులు, పియానో సాకెట్ పక్కన రాసిన వోల్టులు ఒకటే కావాలి. పిన్ను గుర్తులో మధ్య చుక్క ప్లస్సా మైనస్సా అన్నది రెండింటిమీదా సరిపోవాలి. ఆంపియర్లు పియానో అడిగినంత గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. గుర్తు తలకిందులైన అడాప్టర్ ఒక్కసారి పెట్టినా లోపలి బోర్డు పోవచ్చు, కాబట్టి చేతికి దొరికిన అడాప్టర్‌తో "పనిచేస్తుందేమో చూద్దాం" అని ఎవర్నీ పెట్టనివ్వకండి. అడాప్టర్ లేకుండా నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టే పెద్ద పియానోల్లో లేబుల్ చదవండి. జపాన్ మార్కెట్ కోసం చేసినవి 100 వోల్టులకే. వాటిని 220-240 వోల్టుల చోట వాడాలంటే తగిన వాట్లున్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పటికీ వెంట ఉండాల్సిందే, దాని ఖర్చు ధరలోంచి తీసెయ్యండి.

బేరం

ఒక లెక్క పెట్టుకోండి. ఇదే తరగతిలో ఇప్పుడు దొరికే కొత్త మోడల్ ధర ఎంత? పాతదాని అసలు ధరతో పని లేదు. పదేళ్ల కింద ఖరీదైనదే కావచ్చు, ఆ డబ్బుకు ఇవాళ ఏం వస్తుందన్నదే లెక్క. మచ్చలేని మూడు నాలుగేళ్ల పియానోకు కొత్తదాని ధరలో 60 శాతం దాకా ఇవ్వొచ్చు. ఎనిమిది, పదేళ్లదైతే మూడో వంతు. పదిహేనేళ్లు దాటితే మెట్లు అన్నీ బాగున్నా విడిభాగాలు దొరకడమే కష్టం, కాబట్టి పోయినా బాధపడనంత డబ్బే పెట్టండి. అరిచే మెట్టు ఒకటో రెండో ఉంటే, వెళ్లేముందే సర్వీసు సెంటర్లో ఆ మోడల్ రబ్బరు పట్టీ దొరుకుతుందో లేదో, కూలీ ఎంతో కనుక్కుని ఉంచుకోండి, ఆ మొత్తం తగ్గించమని అడగండి. పట్టీ దొరకదంటే ఆ పియానో వద్దు. గీతలు, చెరిగిన అక్షరాలు, పోయిన నోట్స్ స్టాండు లాంటివి మాత్రం మీకు లాభమే. పైకి అందంగా లేని పియానోను అమ్మడం కష్టం, వాయించడానికి అడ్డేమీ లేదు.

తెచ్చుకోవడం

స్టాండు లేని మోడళ్లు సాధారణంగా 11 నుంచి 15 కిలోలుంటాయి, పొడవు 130 సెంటీమీటర్లకు కొంచెం అటూ ఇటూ. కారు వెనక సీటులో పడుతుందో లేదో టేపుతో కొలిచి చూడండి. మెట్లు పైకి ఉండేలా పడుకోబెట్టి తేవాలి. మెట్ల వైపు బోర్లా పెడితే బరువంతా వాటి మీదే పడుతుంది. చెక్క స్టాండుతో ఉన్నవి 35 కిలోల నుంచి 70 దాటి కూడా ఉంటాయి, ఇద్దరు లేనిదే ముట్టుకోవద్దు. చాలా వాటిలో పై భాగం స్టాండు నుంచి విడివడుతుంది. ముందు పెడల్ కేబుల్ పీకాలి. ఇది మర్చిపోయి పైకెత్తితే సాకెట్ బోర్డుతో సహా ఊడొస్తుంది. తర్వాత పై భాగాన్ని పట్టి ఉంచే స్క్రూలు తీసి, వెనక్కో పైకో జరిపి ఎత్తాలి. స్క్రూలన్నీ ఒక కవర్లో వేసి స్టాండుకే టేపు అంటించండి. ప్రతి దశలోనూ ఫొటో తియ్యండి.

ఇంట్లో బిగించేటప్పుడు మొదట స్క్రూలన్నీ సగం వరకే తిప్పి, స్టాండు నిటారుగా నిలబడ్డాక గట్టిగా బిగించండి. ఒక్కటి ముందే బిగిస్తే మిగతా రంధ్రాలు కలవవు. పెడల్ పెట్టె కింది స్క్రూ కాలును నేలకు ఆనేదాకా తిప్పాకే పెడల్ తొక్కండి.